టచింగ్

మల్లాపూర్‌లో ఆ ఫోటో స్టూడియోకు పెండ్లిచూపుల ఫోటోలే ఆధారం. ఫోటో తీయడం ఒక్క నిమిషం. అసలు పని రాత్రి. నెగటివ్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టుకుని, మచ్చ ఉన్నచోట సన్నటి పెన్సిల్‌తో గీతలు నింపాలి. ప్రింటులో మచ్చ పోతుంది. దాన్ని టచింగ్ అనేవారు. మచ్చకు రెండు రూపాయలు. దుబాయి పోయేవాళ్ల పాస్‌పోర్టు ఫోటోలకు మాత్రం టచింగ్ ఉండేది కాదు. అక్కడ మచ్చ ఉంటేనే మనిషిని నమ్ముతారు.

స్టూడియో ముందరి బెంచీ మీద సాయంత్రాలు కామ్రేడ్ కూర్చునేవాడు. బీడీ కార్మికుల నాయకుడు. అసలు పేరు రేషన్ కార్డులో ఉండేది, వాడుకలో లేదు. 1978 రైతుకూలీల జైత్రయాత్ర తర్వాత జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. అడవిదారి పట్టినవాళ్లు పట్టారు. ఈయనది ఆ దారి కాదు, మాస్కో దారి. పోస్టులో ఈయనకు సోవియట్ భూమి పత్రిక వచ్చేది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. చదివేది ఈయన ఒక్కడే అయినా, అట్టలు వేసుకోవడానికి పాత సంచికలు ఇవ్వమని వాడకట్టు పిల్లలంతా అడిగేవాళ్లు. ఇచ్చేవాడు కాడు.

1985 మార్చిలో మాస్కోలో గోర్బచేవ్ గద్దెనెక్కాడు. అంతకుముందు ముగ్గురు నాయకులు మూడేండ్లలోపే ఒకరి వెనక ఒకరు పోయారు. గోర్బచేవ్‌కు 54 ఏండ్లు. కామ్రేడ్ అతని బొమ్మ ఉన్న సంచిక తెచ్చి బల్ల మీద పరిచాడు.

"సూడు తమ్మీ, ఎట్లున్నడో."

స్టూడియో అతను భూతద్దం తీసి చూశాడు.

"అన్నా, దీనికి టచింగ్ అయింది."

"ఏంది?"

"నెత్తి మీద. ఒక్క కాడ సున్నం పూసినట్టున్నది."

"మాస్కోల గసొంటియి చెయ్యరు," అని కామ్రేడ్ సంచిక మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు తెప్పించిన చాయ్ తాగలేదు.

1986 నవంబర్‌లో గోర్బచేవ్ ఢిల్లీ వచ్చాడు. రాజీవ్ గాంధీ పక్కన నిలబడ్డ ఫోటో పేపర్లో పడింది. బట్టతల ముందుభాగాన పెద్ద పుట్టుమచ్చ. "పెట్టుబడిదారుల పేపరు. సిరా సల్లిండ్రు," అన్నాడు కామ్రేడ్. మర్నాడు ఇంకో పేపరు కొన్నాడు. మచ్చ అక్కడే ఉంది.

తర్వాత తర్వాత సోవియట్ ఫోటోలలోనూ మచ్చ కనిపించసాగింది. అప్పటికి గ్లాస్‌నోస్త్ (బహిరంగత), పెరిస్త్రోయికా (పునర్నిర్మాణం) అనే మాటలు వచ్చాయి. బీడీ కార్ఖానా ముందు మీటింగులో కామ్రేడ్ ఆ ఫోటో ఎత్తి చూపాడు. "మచ్చ దాసుడు దొరల పద్ధతి. మన పార్టీ తన మచ్చ తనే సూపిస్తది." ఆడవాళ్లు చాటల మీది నుంచి తల ఎత్తకుండా విన్నారు. వెయ్యి బీడీలకు కూలీ ఎంత పెరుగుతుందని ఒకామె అడిగింది. కామ్రేడ్ అది వచ్చే మీటింగులో చెప్తానన్నాడు.

ఆ సాయంత్రం స్టూడియోకొచ్చి అన్నాడు: "ఇగ నువ్వు వేరే పని సూస్కో తమ్మీ. ముంగట టచింగ్‌తోని అక్కెర వడది."

1989 నవంబర్‌లో బెర్లిన్ గోడ కూలింది. డిసెంబర్‌లో రుమేనియా జనం తమ జెండాల నడుమనున్న పార్టీ ప్రభుత్వపు గుర్తును కత్తిరించి పారేశారు. నడుమ బొక్కలతోనే జెండాలు ఎగిరాయి. స్టూడియో అతను ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"పని రానోళ్ల కత్తెర పని అన్నా."

కామ్రేడ్ నవ్వలేదు.

1991 డిసెంబర్ 25న గోర్బచేవ్ రాజీనామా చేశాడు. ఆ రాత్రే క్రెమ్లిన్ మీది ఎర్రజెండాను దించారు. మల్లాపూర్‌కు సోవియట్ భూమి రావడం ఆగిపోయింది. మరుసటి జూన్‌లో వాడకట్టు పిల్లల పుస్తకాలన్నిటికీ నున్నటి అట్టలు పడ్డాయి. బెంచీ ఖాళీ అయింది.

1995 మండల ఎన్నికలప్పుడు స్టూడియో ముందు జీపు ఆగింది. కామ్రేడ్ దిగాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ మడతల మీద ఉంది. గెలిచే పార్టీ టికెట్టు దాదాపు ఖాయమైందని వెంట వచ్చినవాళ్లు చెప్పారు. కరపత్రం మీదికి ఫోటో కావాలి. కొత్తగా తీస్తానంటే వద్దన్నాడు. పేదల నడుమ ఉన్నది కావాలట.

మెట్‌పల్లి మేడే ఊరేగింపు, 1984. స్టూడియో అతనే తీశాడు. పెట్టె వెతికి నెగటివ్ పట్టుకుని, ప్రింటు వేసి ఇచ్చాడు. ముందు కామ్రేడ్, భుజం మీద జెండా, వెనక రోడ్డు నిండా బీడీ కార్మికులు. కామ్రేడ్ ఫోటోను దూరంగా పట్టుకుని చూశాడు. తృప్తిగా తల ఊపాడు.

"మంచిగున్నది తమ్మీ. ఒక్క మచ్చ తియ్యాలె. ఎంత?"

"మచ్చకు ఐదయింది అన్నా ఇప్పుడు."

స్టూడియో అతను భూతద్దం పెట్టి ముఖమంతా వెతికాడు.

"ముఖం సాఫ్‌గనే ఉన్నది గదనే. ఏడున్నది మచ్చ?"

కామ్రేడ్ వేలు ముఖం దాటి పైకి పోయింది. జెండాలోని సుత్తీ కొడవలి మీద ఆగింది.

"గిదొక్కటి పోతె సాలు. రంగుదేమున్నది, బ్లాక్ అండ్ వైటే గద."