రిసీవరోపాఖ్యానం: టంకవ్యాఖ్యా సహితం

మూలం

“స్విచ్చి వేస్తే లైట్లు వెలుగుతాయి అల్లుడూ. మిగతాది నాకు తెలీదు. ఉన్నది ఉన్నట్టు పట్టుకుపో.”

అవతారిక

మారేడ్‌పల్లిలో ఇల్లు ఖాళీ చేస్తూ, మా ఆవిడకు పెదనాన్న వరసైన ఒక పెద్దాయన, అటక మీంచి దించిన పెట్టెను చూపించి సెలవిచ్చిన వాక్యత్రయమిది. పెట్టె పేరు పయొనీర్ ఎస్‌ఎక్స్-780. రేడియో, ప్రీ ఆంప్లిఫయరు, పవర్ ఆంప్లిఫయరు ఒకే కప్పు కింద ఉమ్మడి కాపురం చేస్తే దాన్ని రిసీవరంటారు. 1978లో ఆయన అమెరికాలో ఉండగా కొన్నారు. మూడేళ్ళకు తిరిగొస్తూ మంచాలతో, మిక్సీతో కలిపి ఓడలో వేయించారు. వెండిరంగు ముఖం, గాజు వెనక పొడుగాటి డయలు, ముళ్ళు ఊగే మీటర్లు, వేలు తగిలిస్తే బరువుగా జారే పెద్ద చెవి. చూడగానే నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టినవాడు రాసే వ్యాఖ్య ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పక్కర్లేదు.

కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరి మనవాడే. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటిది నేనూ చేస్తున్నాను. రెండోది నావల్ల కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

టీక

స్విచ్చి వేస్తే: ఇది చేదర్థకం. ‘చేత్’ అంటే ‘అయినచో’ అని వ్యాకర్తలు. చేదు అర్థం ఇచ్చేది కనక చేదర్థకమని నేను. ఏ గోడకున్న స్విచ్చో మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. పెట్టె వెనక రేకు మీద 120 వోల్టులని అచ్చేసి ఉంది. మన గోడలో ఉన్నది 230. “110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు తగిలించి” అన్న మాటలు కలుపుకోకుండా ఈ పదాన్ని అన్వయిస్తే ముందు అర్థభంగం, వెనకే పొగ.

ట్రాన్స్‌ఫార్మరు ఉన్నా తొందర పనికిరాదు. ఏళ్ళ తరబడి నిద్రపోయిన సెట్టుకి ఒక్కసారిగా నిండు కరెంటు ఇవ్వడమంటే ఉపవాసం ఉన్నవాడికి పెళ్ళి విందు పెట్టడమే. దీనికి మన మెకానిక్కులకు తాతల నాటి ఉపాయం ఒకటుంది: సిరీస్ బల్బు. వంద వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బును దారిలో కాపలా పెడతారు. లోపల షార్టు ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది, పోయేదల్లా ఆ వెలుగే. ఒక్క క్షణం వెలిగి మందగిస్తే పెద్ద కండెన్సర్లు కడుపు నింపుకుని కుదుటపడ్డాయన్నమాట. ఎల్‌ఈడీ బల్బు ఈ కొలువుకి పనికిరాదు. ఫిలమెంటు బల్బు కోసం నేను మూడు కిరాణా కొట్లు తిరిగాను. మూడో కొట్టాయన దుమ్ము తుడిచి ఇస్తూ “దేవుడి గదికా?” అన్నాడు. అవునన్నాను.

లైట్లు: శబ్దానికి మూడు వృత్తులు. అభిధ చేత, గాజు వెనక బల్బులు. లక్షణ చేత, ట్రాన్స్‌ఫార్మరు చుట్ట తెగలేదని, ఫ్యూజు ఉందని. వ్యంజన చేత, “మళ్ళీ నా దగ్గరికి తేకు” అని. అమ్మేవాళ్ళూ ఇచ్చేవాళ్ళూ ఎవరైనా ఈ మాటనే ఎందుకు వాడతారంటే ఇందులో అబద్ధం లేదు. డయలు బల్బులకు ట్రాన్స్‌ఫార్మరు నుంచి ప్రాణం వస్తే చాలు, ఆంప్లిఫయరు బతికుందా లేదా అన్నది వాటికి పట్టదు. ఇంట్లో దీపం వెలుగుతోందంటే యజమాని ఊళ్ళో ఉన్నాడని కాదు కదా.

వెలుగుతాయి: భవిష్యత్తా, తద్ధర్మమా అని సందేహం. ఆయన చివరిసారి స్విచ్చి వేసినది ఏ ఏడాదో ఆయనకే గుర్తులేదు కనక భవిష్యత్తేనని నా నిర్ణయం.

అల్లుడూ: సంబోధన. దీంతో ధర అడిగే హక్కు నాకూ, చెప్పే హక్కు ఆయనకూ పోయింది. బాగుపడకపోతే తిట్టుకునే హక్కు కూడా నాకే పోయింది.

మిగతాది: వ్యాఖ్యానమంతా ఇక్కడే ఉంది.

మూత తీశాను. ముందు వాసన చూశాను. కాలిన వాసన లేదు, బొద్దింకల వాసన ఉంది. ట్రాన్స్‌ఫార్మరు పక్కన రెండు బల్లిగుడ్డు పెంకులు, ఎండిపోయి కాగితంలా పలచబడ్డవి. తరవాత ఫ్యూజు. ‘ఫ్యూజు ఉంది’ అని లక్షణార్థం చెప్పాను కదా, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఉన్నది గాజుగొట్టం మాత్రమే. దాని చుట్టూ సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం నున్నగా మడిచి చుట్టి ఉంది. ఎవరో ఎంత శ్రద్ధగా చేశారంటే, మడత అంచులు ఎక్కడా పైకి లేవలేదు. సెట్టును కాపాడాల్సిన చోట ద్వారపాలకుడికి బదులు అతని ఫొటో నిలబెట్టిన వైనమిది.

ఈ వెండికాగితం ప్రథమ ప్రక్షిప్తం. ప్రక్షిప్తాలను ఎలా కనిపెట్టాలి? ప్రతులను పరిష్కరించేవాళ్ళు శైలిని బట్టి పట్టుకుంటారు. ఇక్కడ టంకాన్ని బట్టి పట్టుకోవాలి. ఫ్యాక్టరీ టంకం చిన్నగా, నిగనిగలాడుతూ, కాలు చుట్టూ గుడి గోపురంలా దిగుతుంది. తరవాతివాళ్ళది బూడిదరంగులో, రాగిముద్దలా, పక్క గీతను కూడా కలుపుకుని ఉంటుంది. ఆ గుర్తుతో వెతికితే రెండో ప్రక్షిప్తం దొరికింది. 50 వోల్టులు తట్టుకోవాల్సిన చోట 25 వోల్టుల కండెన్సరు, నెత్తి ఉబ్బి, పూరీలా. చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును లేపడానికే సంజీవని రాస్తున్నానన్నాడు మల్లినాథుడు. ఆయన బాధ నాకు ఆ పూరీని చూశాక అర్థమైంది. వయసు వల్ల పోయిన సెట్లు కొన్నే. బాగుచేయడం వల్ల పోయినవి నేను ఎక్కువ చూశాను.

(మధ్యలో ఒక హెచ్చరిక. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలవుంటుంది. స్క్రూడ్రైవరుతో షార్టు చేసి టప్పుమనిపించడం మగతనం కాదు. రెసిస్టరు గుండా నెమ్మదిగా దింపాలి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.)

ఫ్యూజు మార్చి, పూరీని తీసి 50 వోల్టులది ప్లస్సూ మైనస్సూ చూసి వేసి, సిరీస్ బల్బు పెట్టి స్విచ్చి వేశాను. బల్బు వెలిగి మందగించింది. బల్బు తీసేసి నిండు కరెంటు ఇచ్చాను. కొన్ని సెకన్ల మౌనం. ‘టక్’. ఆ టక్కు రిలేది. లోపల అంతా సవ్యంగా ఉందని నమ్మకం కుదిరాకే స్పీకర్లకు తలుపు తీస్తుంది. నమ్మకం కుదరకపోతే నోరు విప్పదు. అయినా దాని మాట మీదే స్పీకర్లు తగిలించకుండా, స్పీకరు టెర్మినళ్ళ దగ్గర డీసీ వోల్టేజి కొలిచాను. ఎడమ 14 మిల్లీవోల్టులు, కుడి 21. యాభై దాటకపోతే నిశ్చింత. వందలు చూపిస్తే స్పీకరు చుట్ట వేడెక్కడానికి ముహూర్తం పెట్టినట్టే.

స్పీకర్లు తగిలించాను. శబ్దం లేదు.

పూర్వపక్షం: ఎస్‌టీకేలు పోయాయి. ఈ సెట్టులో పవర్ ఇచ్చేది ఎస్‌టీకే-0050 అనే నల్లటి ఇటికల్లాంటి రెండు ఐసీలు. ఎస్‌టీకే పేరు వింటే మన ఊరి మెకానిక్కులందరికీ చేతులు దురదపెడతాయి. ఆ పేరుతో వచ్చే నకిలీలకు లెక్కలేదు. పైన అచ్చు అసలుకంటే అందంగా ఉంటుంది, లోపల సరుకు వేరు. పాత అసలుది బతికుండగా కొత్త నకిలీ వెయ్యడం కంటే పాపం లేదని తెలిసీ, నేను కోఠీ గుజరాతీ గల్లీకి బయల్దేరబోయాను. చెప్పులు కూడా వేసుకున్నాను.

సిద్ధాంతం: టేప్ మానిటర్ స్విచ్చి పడి ఉంది. అంటే రిసీవరు తన రేడియోను కాక, వెనకాల తగిలించి ఉండాల్సిన టేప్ రికార్డరును వింటోంది. వెనకాల ఏ టేప్ రికార్డరూ లేదు. ఎదుట మాట్లాడేవాణ్ణి వదిలేసి ఫోను వింటూ కూర్చున్న మనిషిలా అరగంట నుంచి బుద్ధిగా వింటూనే ఉంది. స్విచ్చి పైకి లేపాను. 738 దగ్గర ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం గదిలోకి వచ్చింది. ఇంత వ్యాఖ్య రాసినవాడు ఈ సంగతి దాచవచ్చు, కానీ మొదటి ప్రతిజ్ఞ ఉంది.

వచ్చింది కుడి పక్కనే. ఎడమ పక్క, వాల్యూము సగం దాటిస్తే ఉలిక్కిపడి పలికి, తగ్గిస్తే మళ్ళీ పోతోంది. పలచని సిగ్నలు దాటలేక, బలమైనది దాటుతోందంటే దారిలో మసి ఉందని అర్థం. ఇందాక ‘టక్’ అన్న రిలే కాంటాక్టుల మీదే మసి. దాని టోపీ తీసి, తెల్లకాగితం సన్నగా కత్తిరించి, కాంటాక్ట్ క్లీనరుతో తడిపి, రెండు కాంటాక్టుల మధ్య పెట్టి లాగాను. మొదటిసారి కాగితం మీద కాటుక గీత. నాలుగోసారికి గీత లేదు. గరుకు కాగితం వాడరాదు, పైపూత పోతుంది. అదే క్లీనరును వాల్యూము చెవి వెనక రెండు చుక్కలు కొట్టి, ఇటు చివరి నుంచి అటు చివరికి నూట ఎనిమిది సార్లు తిప్పాను. ముప్ఫై చాలు. మిగతా డెబ్భై ఎనిమిదీ ఆనందం కొద్దీ.

నాకు తెలీదు: ఇది వినయం కాదు, వార్త. ఈ పెట్టెలో సగం అక్కర ఆయనకు ఇక్కడికొచ్చాక ఎన్నడూ పడలేదు. మన దేశంలో ఎఫ్ఎం ప్రసారం మొదలైంది 1977లో, మద్రాసులో. ఆయన సెట్టు దించుకునేసరికి ఇక్కడ, హైదరాబాదు గాలిలో ఎఫ్ఎం లేదు. 88 నుంచి 108 దాకా ముల్లు ఎక్కడ పెట్టినా ఒకటే హోరు. ఇక ‘స్టీరియో’ అని రాసిన చిన్న దీపం సంగతి. ప్రసారంలో 19 కిలోహెర్ట్జ్‌ల పైలట్ సంకేతం ఒకటి కలిపి పంపితే గానీ అది వెలగదు. ‘లైట్లు వెలుగుతాయి’ అన్న మూలంలోని బహువచనంలో ఈ దీపం చేరదని పాఠకులు గ్రహించాలి.

ఉన్నది ఉన్నట్టు: స్వభావోక్తి. అలంకారాల్లో అరుదైనది, ఆంప్లిఫయర్ల లోకంలో మరీ అరుదు. వాట్ల విషయంలో కంపెనీలు కావ్యాలు రాస్తుంటే అమెరికా ప్రభుత్వం 1974లో నియమం పెట్టింది: నికరంగా, నిలకడగా ఇవ్వగలిగిన వాట్లే ప్రకటనలో వెయ్యాలి, కొలిచే ముందు సెట్టును మూడోవంతు పవరుతో గంటసేపు కాచాలి. ఆ కాపడాన్ని తట్టుకోవడానికే అప్పటి సెట్లకు అంత పెద్ద హీట్‌సింకులు. ఎస్‌ఎక్స్-780కి చెప్పుకున్నది ఛానెలుకి 45 వాట్లే. తొంభైల్లో మన బజారు డబ్బాల మీద పీఎంపీఓ పేరుతో వేలకు వేలు రాసేవారు. అది అతిశయోక్తి. అరచేతిలో పట్టే స్పీకరు పక్కన ఆ అంకె ఉన్నప్పుడు హాస్యరసం.

పాఠాంతరం: ‘ఉన్నది ఉన్నచోట ఉంచిరా’ అని మా ఆవిడ ప్రతిలో. అర్థం బాగానే ఉంది కానీ సందర్భం దాటిపోయింది కనక గ్రహించలేదు.

ఇక్కడే పెద్ద వివాదం ఉంది. కండెన్సర్లన్నీ పీకి కొత్తవి వెయ్యాలని ఒక సంప్రదాయం. నలభై ఏళ్ళకు లోపలి తడి ఆరిపోతుంది, ఒక్కొక్కటీ పోయేదాకా ఆగడమెందుకని వాళ్ళ వాదం. తోసిపుచ్చలేను. కానీ నేను ఆ పక్షం కాను. తెలుగులో పాత గ్రంథాన్ని సరిదిద్దినవాణ్ణీ, చిక్కు విడదీసినవాణ్ణీ పరిష్కర్త అనే అంటాం. మంచి పరిష్కర్త తప్పు దొరికిన చోటే కలం పెడతాడు, తనకు రుచించని ప్రతి పదమూ మార్చడు. ఒకేసారి అరవై కండెన్సర్లు మార్చి, అందులో ఒకటి తిరగేసి వేసి, తప్పెక్కడుందో తెలియక తల పట్టుకున్న పరిష్కర్తను నేనెరుగుదును. ఆయన రోజూ నా అద్దంలో కనిపిస్తాడు. అందుకని ఈసారి ఆరే మార్చాను. పవర్ సప్లైలో నాలుగు, మీటరు చెడ్డవని చెప్పినవి రెండు. అవి అంటించిన పాత జిగురు గోధుమరంగు తిరిగి పక్క తీగల కాళ్ళు తినేస్తుంటే దాన్ని గోకి తీశాను. ఆ జిగురు గోకడానికే రెండు ఆదివారాలు పట్టింది.

పట్టుకుపో: ఆటోలో, ఒళ్ళో పెట్టుకుని.

తాత్పర్యం

లైట్లు వెలుగుతాయంటే పాట వస్తుందని కాదు. పాట రాలేదంటే పాడైందనీ కాదు.

విశేషం

పెదనాన్నగారిని పిలిచాను. కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. ఎఫ్ఎంలో పెట్టి ముల్లు 102.8 దగ్గరికి జరిపితే వివిధ భారతి వచ్చింది. అమెరికా సెట్లు 75 మైక్రోసెకన్ల లెక్కన, మన ప్రసారం 50 లెక్కన ఉండటం వల్ల పైస్వరాలు కాస్త మందగిస్తాయి, ట్రెబుల్ కొంచెం పెంచాను. ఆయనకు ఆ గొడవేమీ పట్టలేదు. డయలు కేసి చూస్తున్నారు. “ఆ దీపం ఏమిటి, కొత్తగా పెట్టావా?” అన్నారు. పాతదే పెదనాన్నగారూ అన్నాను. “క్లీవ్‌లాండ్‌లో చూశాను,” అని, కాసేపాగి, “మరి ఇక్కడెందుకు వెలగలేదూ ఇన్నాళ్ళూ?” అన్నారు. గాలిలో లేక, అని చెప్పాను.

వెళ్ళేముందు మూత లోపల ఏదో కాగితం అతికించావేమని అడిగి, కళ్ళజోడు సవరించుకుని చదివారు. తరవాత ఎవరు విప్పినా పనికొస్తుందని నేను రాసి అంటించింది: “110 వోల్టులు మాత్రమే. ఫ్యూజు కొత్తది, వెండికాగితం పెట్టవద్దు. కండెన్సర్లు ఆరు మార్చబడినవి. ఎస్‌టీకేలు అసలువి, ముట్టవద్దు. కుడి మీటరు ముల్లు కొన్ని రాత్రులు కదలదు. ఎందుకో తెలీదు.”