ప్రజావాణికి రాలేక రాసిన అర్జీ

గౌరవనీయులైన మహబూబాబాద్ జిల్లా కలెక్టర్ గారికి,

విషయం: బరువు తగ్గుటకు నాకు ఒక 'అడిగే మనిషి'ని మంజూరు చేయుట గురించి.

కలెక్టర్ గారూ, సోమవారం ప్రజావాణికే వద్దామనుకున్నాను. పట్టా పాస్‌బుక్కు కోసం, పింఛను కోసం పొద్దుగాలనే బస్సెక్కి వచ్చినవాళ్ల వెనక నిలబడి "సార్, నా పొట్ట" అనడానికి నోరు రాలేదు. పైగా వరుసలో అంతసేపు నిలబడటం కూడా ఒక రకం కసరత్తే. దాన్ని తప్పించుకోవడానికే ఈ బహిరంగ లేఖ.

మా మానుకోట, అదే మన మహబూబాబాద్ వైపు మనిషి బరువు కిలోల్లో కన్నా బెల్లంలో బాగా తెలుస్తుంది. మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కుకుంటే తరాజులో ఒక దిక్కు మనిషిని, ఇంకో దిక్కు బెల్లాన్ని పెట్టి తూచాలి. 2024 ఫిబ్రవరి జాతరకు ఇచ్చిన దానికన్నా 2026 జనవరి జాతరకు మా ఇంటి నుంచి బెల్లం ఎక్కువ పోయింది. మొక్కు అదే, తల్లులూ వాళ్లే, పెరిగింది నేనొక్కణ్నే. బెల్లం దుకాణం ఆయన మాత్రం "మీరు సల్లగుండాలె సార్" అని మనసారా దీవించాడు.

జాతర నుంచి వచ్చాక పేపర్ మడతలోంచి ఒక కరపత్రం జారిపడింది. వ్యాయామం అక్కర్లేదు, పథ్యం అక్కర్లేదు, మూలికా మాత్రలు వేసుకుంటే నెలలోనే నాజూకు! ఉండబట్టలేక ఫోన్ చేశాను. ఎత్తిన అమ్మాయి ధర చెప్పలేదు. "సార్, పొద్దున టిఫిన్ ఏం తిన్నారు?" అని అడిగింది. మా ఇంట్లో ఈ ప్రశ్న "ఇంకెంత తింటవ్?" అనే రూపంలోనే వినిపిస్తుంది. ఆ అమ్మాయి రోజూ ఫోన్ చేసేది. రాత్రి అన్నం తగ్గించారా, కొంచెమన్నా నడిచారా, మనసు గట్టి చేసుకోండి సార్... చిత్రమేమిటంటే మాత్ర కొనకముందే నేను నడక మొదలుపెట్టాను. రేపు ఫోన్ వస్తే ఏం చెప్పాలనే భయంతో కురవి రోడ్డు మీద చెమటలు కక్కుకుంటూ నడిచాను. కొనే బేరం కాదని తేలాక ఫోన్లు ఆగిపోయాయి. నా నడకా ఆగింది.

కాబట్టి నాకు అర్థమైనదేమంటే, ఆ డబ్బాలో పనిచేసే సరుకు ఫోనే. మాత్ర ఆ ఫోనుకు కట్టే చందా.

మరి మాత్రలో ఏముంటుంది? కొన్నింట్లో ఏమీ ఉండదు. అలాంటివి దొరికినవాళ్లే అదృష్టవంతులు. సిబుట్రమిన్ అనే మందు ఒకప్పుడు ఆకలి చంపడానికి డాక్టర్లే రాసేవారు. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలి 2010లో అమెరికా, యూరప్ మార్కెట్ల నుంచి తీసేశారు. 2011లో మన దేశమూ నిషేధించింది. నిషేధించిన మందు చచ్చిపోవాలి కదా, చావలేదు. మూలికల పేరుతో అమ్మే గుళికల్లో, డబ్బా మీద పేరు లేకుండా అదే మందు అమెరికా అధికారుల పరీక్షల్లో మళ్లీ మళ్లీ బయటపడుతూనే ఉంది. ఆకు బొమ్మ డబ్బా మీద, రసాయనం డబ్బా లోపల.

చట్టం లేదా అంటే, నాకన్నా పెద్దదే ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. ఫలానా జబ్బులు మా మందుతో నయమవుతాయని ప్రకటించకూడదంటూ అది ఇచ్చిన జాబితాలో ఊబకాయం కూడా ఉంది. మొదటిసారి దోషిగా తేలితే ఆరు నెలల దాకా జైలు. అంటే మా పేపర్ మడతలోంచి రాలిన ఆ రంగుల కాగితం, ప్రకటన రూపంలో ఉన్న నేరం. ఔషధ నియంత్రణ అధికారులకు మీరొక మాట చెబితే ఇలాంటి ప్రకటనలు అంటించిన గోడలు కూడా కొంత శుభ్రపడతాయి.

మందులన్నీ మోసమని నేననను. 2025లో మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికీ వచ్చాయి. అవి నిజంగానే బరువు తగ్గిస్తాయి. షుగరూ స్థూలకాయమూ కలిసి పీడిస్తున్నవాళ్లకు డాక్టర్ చూసి ఇస్తే మేలే. కానీ వెగోవీలో ఉండే సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని పరీక్షల్లోనే తేలింది. సూదికీ రోజూ అడిగే మనిషి కావాల్సిందే.

ఆ మనిషి సంగతికే వస్తున్నా. షుగర్ అంచున ఉన్న 3,234 మందితో అమెరికాలో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. వారానికి 150 నిమిషాల నడక, బరువులో 7 శాతం తగ్గుదల లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 31 శాతమే. అలవాటు గెలిచిందని అందరూ చప్పట్లు కొడతారు. ఆ నడిచేవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక శిక్షకుడిని కేటాయించి, దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడించారన్న సంగతి ఎవరూ చెప్పరు. ఒంటరిగా పళ్లు బిగపట్టి గెలిచినవాళ్లు కారు వాళ్లు. అంత ఖర్చు మనవల్ల కాదంటారా? దక్షిణ భారతంలో ఉద్యోగాలు చేస్తూ షుగర్ అంచున ఉన్న మగవాళ్లకు సెల్‌ఫోన్‌లో మెసేజీలు పంపి చూసిన పరీక్ష 2013లో అచ్చయింది. రెండేళ్లలో మెసేజీలు అందినవాళ్లలో 18 శాతం మందికి, అందనివాళ్లలో 27 శాతం మందికి షుగర్ వచ్చింది. అది బరువు కోసం చేసిన పరీక్ష కాదు, నిజమే. అయినా ఉత్త మెసేజీకే ఆ బలముంటే, మాట్లాడే మనిషికి ఎంత ఉండాలి!

ఇక తిండి. సర్కారు 2025 నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తోంది. నెలకు పంచితే రోజుకు 200 గ్రాములు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గీసిన పళ్లెంలో ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. అంటే రేషన్ లెక్కన బియ్యం తిని, మిగతా కొంచెం జొన్నరొట్టెకో గట్కకో వదిలేస్తే ఈ అర్జీతో పనే లేదు. మా ఇంట్లో ఆ 200 గ్రాములు పగటి బువ్వకే చాలవు. కూరగాయ సంగతి అడగొద్దు, అది అన్నం మీద బొట్టులాగా ఉంటుంది. వారానికి అరకిలో తగ్గితే చాలు, బరువు తగ్గించే మందులు ప్రమాదకరం కావచ్చు అని కూడా ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో రాసింది. వారానికి అరకిలో! ఈ మాటతో ఎవరన్నా కరపత్రం అచ్చేస్తారా?

మిర్చి ఏరుడు రోజుల్లో ఎండలో పొద్దంతా నడుం వంచే కూలీ ఆడవాళ్లను చూపించి "వాళ్లను చూసి నేర్చుకో" అంటాడు మా దోస్తు. ఆ కష్టాన్ని ఆరోగ్యమని పొగిడే ధైర్యం నాకు లేదు. వాళ్ల నడుంనొప్పి వాళ్లది. కూర్చుని లెక్కలు రాసే నాబోటి గుమస్తాకు కావలసింది వాళ్ల ఎండ కాదు, పొద్దున ఐదున్నరకు "లేసినవా?" అనే ఒక గొంతు.

కాబట్టి వార్డుకొకరు చొప్పున అడిగే మనుషులను వేయించగలరు. వాళ్లు ఏమీ అమ్మకూడదు. డబ్బా, పొడి, షేకు చేతిలో కనిపిస్తే ఉద్యోగం పోవాలి. ఆశా కార్యకర్తల నెత్తినే ఇదీ పెట్టొద్దు, వాళ్లకు ఉన్న పనే తెమలడం లేదు. ఒక్కరోజు నడవకపోతే తిట్టకూడదు, మర్నాడు మళ్లీ అడగాలి. దావత్ జరిగిన మర్నాడు ఒక గంట ఆలస్యంగా అడిగినా అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ విధేయుడు,
మానుకోట గుమస్తా ఒకడు

మళ్లీ మనవి: మా వార్డుకు ఎవరిని వేసినా సరే, మా మేనత్తను మాత్రం వేయొద్దు. ఆమె "తిన్నవా?" అని అడుగుతుంది గానీ, జవాబు వినకముందే పెట్టేస్తుంది.