బండి భుజాన, పాప ఒళ్లో

లండన్ నుంచి మా అమ్మాయి రెండు పెట్టెలు, ఒక మనవరాలు, ఒక స్ట్రోలర్‌తో దిగింది. మనవరాలికి ఏడాదిన్నర. స్ట్రోలర్ ఖరీదు విన్నాక మా ఆవిడ దానికి కూడా దిష్టి తీసింది.

మర్నాడు కోఠి ప్రయాణం. "క్యాబ్ పిలవనా?" అన్నాను. "ఎందుకు నాన్నా? అక్కడ బస్సులోనే తిప్పుతా. మధ్యలో చోటుంటుంది, నెట్టుకుంటూ ఎక్కేయడమే" అంది.

ఆ చోటు అసలు చక్రాల కుర్చీది. ఖాళీగా ఉంటేనే పిల్లల బళ్లు. 2012లో లీడ్స్ వెళ్లే బస్సులో ఒక తల్లి, బిడ్డ నిద్రపోతున్న బండి మడత పడదంటూ, కదలనంటే కదలనంది. చక్రాల కుర్చీలో వచ్చినాయన కిందే ఉండిపోయాడు. ఆ తగువు అక్కడి సుప్రీంకోర్టు దాకా నడిచింది. డ్రైవర్ ఒకసారి అడిగి ఊరుకుంటే సరిపోదని 2017లో తీర్పొచ్చింది. మన దగ్గర కిటికీలోంచి కర్చీఫ్ వేసి ఆపిన సీట్లన్నీ ఇలా కోర్టుకెక్కితే, ఒక్క కోఠి రూటుకే ఓ ధర్మాసనం చాలదు.

మా ఇంటి నుంచి బస్టాపు రెండొందల గజాలు. అందులో మొదటి పది గజాలు స్ట్రోలర్ దర్జాగా నడిచింది. ఆపైన ఫుట్‌పాత్ మోకాలెత్తు. ఎక్కించాం. మిర్చిబజ్జీల బండి, దాని వెనక ట్రాన్స్‌ఫార్మర్, ఆ వెనక బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప గుంజలు. బైకులు ఒళ్లు కాస్త వంచి వాటి మధ్యనుంచి దూరిపోతున్నాయి. స్ట్రోలర్ ఒక్కటే చట్టానికి కట్టుబడి ఆగిపోయింది. పాప వాళ్లమ్మ చంకెక్కింది. బండి నా భుజమెక్కింది.

గొడుగులా ముడుచుకునే ఈ రకం బండిని 1965లో రూపొందించింది ఓవెన్ మెక్లారెన్ అనే విమానాల ఇంజినీరు. స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చక్రాల ఏర్పాటులోనూ ఆయన చెయ్యి ఉంది. విదేశం నుంచి వచ్చిన కూతురు, మనవరాలి బండితో పడే అవస్థ చూడలేక ఈ పనికి పూనుకున్నాడు. ఆయనా తాతే. కాకపోతే ఆ తాతకి విమానం చక్రాలు మడవడం వచ్చు. ఈ తాత రెండు చేతులూ ఒక మోకాలూ పెట్టి నొక్కినా బండి మడత పడలేదు. బస్టాపులో నలుగురు చుట్టూ చేరి తలో మీటా లాగారు. నీడ కోసం ఉన్న పైకప్పు మాత్రం నాలుగుసార్లు తెరుచుకుంది.

అంతలో బస్సొచ్చింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకి డబ్బుల్లేని జీరో టికెట్ కాబట్టి మా ఆవిడా అమ్మాయీ ఆధార్ కార్డులు చూపించి నిమ్మళంగా నిలబడ్డారు. కండక్టరమ్మ చూపు బండి మీద పడింది.

"గిదేంది సార్, గింత జాగ తింటున్నది? లగేజ్ టికెట్ తీసుకోండ్రి."

"గులాబీ రంగు కనబడ్డంలా? ఆడపిల్ల బండమ్మా. జీరో టికెట్ కొట్టు" అంది మా ఆవిడ.

"ఆధార్ ఉన్నదా దానికి?"

ఈ వాదన తేలేలోపు కూచున్న ఒకావిడ "ఇటియ్యి బిడ్డా" అంటూ పాపని లాక్కుని ఒళ్లో వేసుకుంది. అడగలేదు; లాక్కుంది. రెండు స్టాపుల తర్వాత చూస్తే పాప ఆ ఒళ్లో లేదు. ఆవిడ దిగుతూ పక్కావిడకి అప్పజెప్పి వెళ్లిందట. ఇంకాస్త వెతికితే మూడు సీట్ల ముందు, ఎవరో ముసలమ్మ ఒళ్లో కూచుని ఉప్పూకారం అద్దిన జామకాయ చీకుతోంది. కళ్లమ్మట నీళ్లు. అయినా జామకాయ వదలదు. "శానిటైజర్..." అంటూ మా అమ్మాయి సంచిలో చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి మళ్లీ పైకి రావడానికి సందు దొరకలేదు. లండన్ నుంచి వచ్చిన బండి మాత్రం ఇంజన్ బానెట్ మీద, ఎవరిదో కొత్తిమీర మూట ఒళ్లో పెట్టుకుని, డ్రైవర్ పక్కన ప్రయాణించింది. నేను కోఠి దాకా నిలబడే ఉన్నాను.

దిగాక, ఇంతసేపు మోసిన కసి కొద్దీ పాపని బండిలో కూచోబెట్టబోయాను. ససేమిరా అంది. వెనక్కెళ్లి, తలకన్నా ఎత్తున్న పిడి పట్టుకుని, ఖాళీ బండిని తనే నెట్టుకుంటూ ఫుట్‌పాత్ మీద బయల్దేరింది. వెనక మేం ముగ్గురం, పెళ్లివారిలా. పది అడుగులు నడిచామో లేదో వెనకనుంచి హారన్. హెల్మెట్ మోచేతికి తగిలించుకున్న కుర్రాడు ఫుట్‌పాత్ మీదే బైకు ఆపి, విసుగ్గా చూశాడు.

"ఫుట్‌పాత్ మీదికి బండ్లు తెస్తరా తాతా?"