పెన్సిల్ సెల్లుల పెట్టెను

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సైకిల్ మీద పోయేవాడికి నేను అక్కర్లేదు. ఈ మాట జీపీఎస్ పెట్టెనైన నేనే చెబుతున్నా. రెండు ఊళ్లూ ఇంచుమించు ఒకే రేఖాంశం మీద, 78.5 డిగ్రీల తూర్పున ఉన్నాయి. 40వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి తొక్కితే సుమారు 40 కిలోమీటర్లు. మధ్యలో శిరివెళ్లలో టీ తాగడానికి దిగాలే తప్ప దారి అడగడానికి కాదు. మా సారు నన్ను కొన్నది ఆళ్లగడ్డ దాటి, అహోబిలంలో తారురోడ్డు అయిపోయాక మొదలయ్యే నల్లమల కోసం.

"సెల్లుంది కదా బావా, మళ్లా ఇదెందుకు?" అన్నాడు బావమరిది. సారు జవాబివ్వలేదు. చెంబులో వేళ్లు ముంచి, సెల్‌ఫోన్ మీద పటం జరపమన్నాడు. తెర అటూ ఇటూ గెంతింది. మీటలా కదిలే నా బుల్లి పుల్లను తడి వేలితోనే నొక్కి జరిపాడు. చెమటలో, వానలో సైకిల్ తొక్కేవాడికి ఈ ఒక్క పరీక్ష చాలు. పెద్ద తెర ఉన్న టచ్ మోడల్ ఆ పూటే పక్కకు పోయింది.

నేను ఈట్రెక్స్ 30ని. 2011లో వచ్చిన రకం. తెర 2.2 అంగుళాలే, చూపు ఆనని వాళ్లకు కష్టమే. కానీ తిండి రెండు పెన్సిల్ సెల్లులు, పాతిక గంటలు నడుస్తా. గోడ గడియారంలో వేసే చౌకరకం పెడితే మాత్రం మధ్యాహ్నానికే చేతులెత్తేస్తా. రీఛార్జి సెల్లులు వేస్తే ఆ సంగతి సెట్టింగ్స్‌లో చెప్పాలి, లేదంటే నా బ్యాటరీ గీతలను నమ్మలేరు. మావాళ్లలో ఉపగ్రహం ద్వారా కబురు పంపేవీ ఉన్నాయి, అనుమతి లేకుండా అవి మన దేశంలో కుదరవు. నేను వినేదాన్నే, పలికేదాన్ని కాదు.

వినడమంటే మాటలా! సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాలను, రష్యావారి గ్లోనాస్‌ను వింటాను. కనీసం నాలుగు అందితేనే ఎత్తుతో సహా చోటు చెప్పగలను. 2000 మే దాకా అమెరికా ఆ సంకేతాలను మామూలు జనానికి కావాలనే చెడగొట్టి పంపేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది.

ఎగువ అహోబిలంలో సైకిల్ వదిలి, ఆ చోటు నాలో గుర్తుపెట్టి, సారు భవనాశి ఏటి వెంట జ్వాలా నరసింహుడి గుడి వైపు నడిచాడు. ఇరువైపులా నిలువు బండలు. సంకేతాలు రాతికి తగిలి తిరిగొస్తే నాకు ఉపగ్రహం దూరం ఎక్కువగా లెక్క తేలి, చోటు తప్పు చెబుతాను. మా జాతికంతటికీ ఉన్న బలహీనత ఇది. ఎత్తు మాత్రం గాలి ఒత్తిడిని బట్టి చూస్తాను కాబట్టి అంత తడబడలేదు. అదీ పొద్దున సారు దిగువ అహోబిలం ఎత్తు సరిచేసి పెట్టినందువల్లే, వాతావరణం మారితే అది కూడా జారిపోతుంది. ఇంకో మాట: నా తెర మీద కాలిబాట కనబడిందని అటవీశాఖ పోనిస్తుందని కాదు. నల్లమలలో పులులున్నాయి.

ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో మా దారి చూసి బావమరిది నవ్వాడు: "ఏం బావా, కొండలో దూరి అవతల తేలినావే!" సారు ఆ తప్పుడు చుక్కల్ని చెరిపి, మిగిలిన బాటను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు ఎక్కించాడు.