రెండో డిస్కులో పాత విండోస్‌ని ఒక్క పూటలో లేపేయండి

హనుమాన్ జంక్షన్ డీటీపీ షాపుల్లో పనిచేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఇది. ఓనరుగారు కొత్త ఎస్ఎస్‌డీ కొని విండోస్ 10 వేయించారు. పాత హార్డ్ డిస్కుని మాత్రం రెండో డిస్కుగా లోపలే ఉంచేశారు, అందులో విండోస్ 7 చెక్కుచెదరకుండా ఉంది. దానికి 2020 జనవరి 14నే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. అయినా సిస్టం ఆన్ చేసిన ప్రతిసారీ ఏ విండోస్ కావాలని అడిగి 30 సెకన్లు కూర్చోబెడుతుంది. ఆ 30 సెకన్లు మీవి, వదులుకోకండి.

1. పెళ్లిళ్ల సీజన్లోనే మొదలుపెట్టండి. ఆషాఢంలో అయితే ఖాళీగా ఉన్నారని ఇంకో పని చెబుతారు. మాఘంలో నూజివీడు వైపు నుంచీ గుడివాడ వైపు నుంచీ శుభలేఖలవాళ్లు దిగుతున్నప్పుడు సిస్టం విప్పుకుని కూర్చోండి. ప్రూఫులు దిద్దే పని తప్పుతుంది, టీ మీ దగ్గరికే వస్తుంది.

2. బ్యాకప్ మాట ఎత్తకండి. పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్లు, ఫ్లెక్సీ డిజైన్లు అన్నీ ఆ పాత డిస్కులోనే ఉంటాయి, కాపీ పెడితే సాయంత్రం దాకా తెమలదు. పేరుకి ఒక ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఫాంట్లు వద్దు. ఫాంట్ లేని చోట ఆ ఫైలు తెరిస్తే "చి.ల.సౌ." ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. "ఫైలు భద్రంగానే ఉందండీ, అక్షరాలే మారాయి" అని చూపించండి.

3. ఏ డిస్కు ఏదో రాసుకోవద్దు. 500 జీబీ డిస్కు విండోస్‌లో 465 అనే కనిపిస్తుంది. మిగతా 35 ఏమయ్యాయని ఓనరుగారు అడిగితే పాత విండోస్ తినేసిందని చెప్పండి. అనుమతి అక్కడికక్కడే వస్తుంది.

4. ఇక అసలు పని. ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్ ట్యాబ్‌లో విండోస్ 7 అన్న లైను డిలీట్ చేస్తే ఆ మెనూ పోతుంది, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. అలా చేస్తే రెండు నిమిషాల్లో పని అయిపోయి మళ్లీ శుభలేఖల ముందు కూర్చోవాలి. కాబట్టి డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లండి. పాత డిస్కు మొదట్లో సిస్టం రిజర్వ్‌డ్ అని 100 ఎంబీ ముక్క ఉంటుంది. విండోస్ 10 వేసిన రోజు పాత డిస్కు కేబుల్ పీకకపోతే, కొత్త విండోస్ లేవడానికి కావలసిన బూట్ ఫైళ్లు కూడా చాలాసార్లు అందులోనే చేరతాయి. అందుకే దాని మీద రైట్ క్లిక్ కొడితే డిలీట్ మసకగా ఉండి నొక్కనివ్వదు. బెదరకండి. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, అక్కడ అడ్డు చెప్పేవాళ్లుండరు. పాత డిస్కులో కనబడ్డ పార్టిషన్లన్నీ వరసగా డిలీట్ కొట్టండి. హెచ్చరిక వస్తే చదవకుండా ఓకే నొక్కండి, చదివితే చెయ్యి ఆగుతుంది.

5. రీస్టార్ట్ చేయండి. నల్ల తెర మీద తెల్లక్షరాలతో ఒకే ఒక్క లైను కనిపిస్తుంది. మెనూ పోయింది, 30 సెకన్లు మిగిలాయి, రెండు విండోస్‌ల బాధా ఒక్కసారే తీరింది. బీసీడీబూట్ అన్న కమాండుతో బూట్ ఫైళ్లు మళ్లీ రాయొచ్చని ఎవరైనా అంటే, వాళ్లని కౌంటర్ లోపలికి రానివ్వకండి.

6. డిలీట్ చేసిన పార్టిషన్‌ని టెస్ట్‌డిస్క్ లాంటి ప్రోగ్రాంతో వెనక్కి తేవచ్చు, దాని మీద కొత్తగా ఏమీ రాయనంత వరకే. అందుకని ఆ పూటే డిస్కుని పక్క షాపు సిస్టంకి తగిలించి, ఫార్మాట్ చేసి, నిండా సినిమాలు ఎక్కించండి. ఇక ఫైళ్లు వెతికిపెట్టమని ఎవరూ మీ ప్రాణం తీయరు.

7. మాటలు ముందే సిద్ధం చేసుకోండి. "బెజవాడ నుంచి ఇంజనీరు బయల్దేరాడండీ, గన్నవరం దాటాడు" అంటే సాయంత్రం దాకా పనిచేస్తుంది. మర్నాడు అదే ఇంజనీరుని ఏలూరు నుంచి రప్పించండి. పెళ్లికూతురి తండ్రి గొంతు పెంచితే, "బాబాయ్‌గారూ, మొన్న మీరిచ్చిన పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉందండీ" అనండి. ఆయన వెళ్లి ఇంట్లో పిల్లల్ని కేకలేస్తారు.

8. కార్డు మేటర్ మళ్లీ మొదటి నుంచీ కొట్టాలి కాబట్టి టైపింగ్ చార్జీ రెండోసారి వేయండి. ఓనరుగారి ఖాతాలో "పాత విండోస్ తొలగింపు" అని వేరే లైను రాసి, ఆ డబ్బు ఆయన లెక్క చూడకముందే తీసేసుకోండి.