ఉచిత మూల్యనిర్ణేత

అమ్మువాడును కొనువాడును ఒకచోట కలిసినంతనే వ్యాపారము జరుగునని అర్థశాస్త్రజ్ఞులు సెలవిత్తురు. అమ్ముటకు వస్తువుగాని కొనుటకు సంకల్పముగాని లేకుండ, ఆ యిరువురి నడుమ వచ్చి నిలిచి, "ఏమిటీ, దీనికింతా?" అని కనుబొమలు పైకెత్తు మూడవ పురుషుని వారు లెక్కలోనికి తీసికొన్నట్లు కానరాదు. అంగడి వెలసిన ప్రతిచోటను అతడు వెలసియున్నాడు. అట్టివాడొకడు మా పేటలోను కలడు. అతని అసలు పేరు పింఛను కాగితములకే పరిమితమైనది. జనవ్యవహారమున అతడు మూల్యనిర్ణేతగారు.

వయస్సు అరువదియైదునకు అటునిటు. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చంకలో గొడుగు, మెడనుండి వ్రేలాడు కండ్లజోడు, నిదానమైన నడక, ఇవి అతని బాహ్యలక్షణములు. డబ్బుసంచి మాత్రము అంగడికి పోవునప్పుడు ఇంటివద్దనే యుండును. ధర అడుగుటకు డబ్బేల యని అతని సిద్ధాంతము. ఆదివారము ప్రొద్దుటనే ఆబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకములు పరచువేళకు అచ్చటికి చేరును. అచ్చటి పని ముగిసిన పిమ్మట ఎర్రగడ్డ సంతకు పోవును. గురువారము జుమ్మేరాత్ బజారున పాతసామానుల గుట్టలనడుమ దర్శనమిచ్చును. బోణి కాకముందే అతడు కంటబడినచో, ఎంత నెమ్మదిగల వర్తకుడైనను ముఖము మరియొక దిక్కునకు త్రిప్పుకొనును.

అతని విద్యను పాతపుస్తకములయొద్ద చూడవలెను. ఎవరో విద్యార్థి చిరకాలముగా వెదకుచున్న నిఘంటువు దొరకినదన్న సంతోషముతో జేబులోని నోట్లు లెక్కపెట్టుకొనుచుండగా, వెనుకనుండి గొడుగుకొన వచ్చి ఆ పుస్తకపు అట్టను తాకును. "నాయనా, లోపల అచ్చువేసిన వెల చూశావా? పన్నెండు రూపాయలు! ఇతను రెండువందలు అడుగుతున్నాడు!" వర్తకుడు వినయముగనే, "సార్, మీరు తీస్కుంటరా?" అని ప్రశ్నించును. "నాకెందుకయ్యా, న్యాయం చెబుతున్నాను" అని ప్రత్యుత్తరము. విద్యార్థి సందేహమున పడి పుస్తకమును క్రింద పెట్టి పోవును. మరునిముషముననే మరియొకడు వచ్చి, మారుమాటాడక రెండువందలును చెల్లించి, దానిని తీసికొనిపోవును. న్యాయము జయించినది, విద్యార్థికి నిఘంటువు మాత్రము దక్కలేదు.

ఆ పన్నెండు రూపాయలు ఏనాటివో అతనికి తెలియకపోలేదు. అయినను అతని జ్ఞాపకమున వస్తువుల వెలలన్నియు యౌవనదశలోనే స్తంభించిపోయినవి. సోలెడు నేతికి, గజము గుడ్డకు, తులము బంగారమునకు ఆనాడెంతయో అతడు తడుముకొనక అప్పగించును. పింఛను మాత్రము కరవుభత్యముతోసహా నేటి లెక్క ప్రకారము రావలెను. అది ఒక్కనెల ఆలస్యమైనచో దేశమున ధరలెట్లు మండిపోవుచున్నవో అతనివలె వర్ణింపగలవారు లేరు.

ఒకప్పుడు మా వాడలోని ఉద్యోగి యొకాయన, కీర్తిశేషుడైన తండ్రి వాడిన బజాజ్ చేతక్ స్కూటరును విక్రయింపదలచి, నోటీసుబోర్డున ఇరువదివేలని చీటీ అంటించెను. చేతక్ 1972లో బజారునకు వచ్చిన బండి. పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి నిరీక్షింపజాలనివారు, వాడిన బండినే క్రొత్తదానికంటె హెచ్చు సొమ్మిచ్చి కొనిన రోజులు కూడ దానికి గడచినవి. మూల్యనిర్ణేతగారు చీటీని రెండుమారులు చదివి, చుట్టును చేరినవారు వినునట్లుగా, "ఇనుము కింద తూకానికి వేస్తే నాలుగువేలు రావచ్చు" అని తీర్పుచెప్పెను. అయినను వారము తిరుగకుండ బండి పదునెనిమిదివేలకు పోయెను. ఆ సాయంకాలమే అతడు కొనినవానిని కలిసికొని, "అయ్యో, నన్నొక్కమాట అడిగితే పదికి ఇప్పించేవాణ్ణి గదండీ!" అని వాపోయెను. అచ్చటినుండి తిన్నగా అమ్మినవాని గుమ్మమునకు పోయి, "పాత చేతక్‌లకి ఇప్పుడెంత గిరాకీయో తెలుసా? ముప్ఫైకి తక్కువ ఇవ్వనేకూడదు. తొందరపడ్డారు!" అని నిట్టూర్చెను. ఒక్క ముహూర్తమున ఇరువురకును నిద్ర చెడినది. నాలుగునకును పదికిని ముప్పదికిని గల వైరుధ్యము అతనికి కానరాలేదు. ఏలయన ఆ మూడింటిలో ఒక్కటియు అతడు చెల్లింపవలసినది గాని, పుచ్చుకొనవలసినది గాని కాదు.

చట్టము మూడవవానిని బొత్తిగా నిరాకరింపలేదు. 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టమున తొమ్మిదవ సెక్షను వెలను ఉభయుల ఒడంబడికకు విడిచినది. పదవ సెక్షను, మూడవవాడొకడు వెలకట్టవలెనని ఉభయులును అంగీకరించినప్పుడు ఏమగునో చెప్పినది. అతడు వెలకట్టజాలకున్నను కట్టకున్నను ఆ ఒప్పందము రద్దగును. కాబట్టి మూల్యనిర్ణేతకు పీట కలదు గాని, అది పిలిచి వేసినప్పుడే. మా వాడవారు ఒకమారు ఆ పీట వేసి చూచిరి. పాత జనరేటరును అమ్మదలచి, "మీరేది న్యాయమంటే అదే ధర, బండి కూడా మాట్లాడాం, మీరే తీసుకెళ్లండి" అని ప్రార్థించిరి. ధర పెదవులదాక వచ్చి ఆగిపోయెను. రక్తపుపోటు మాత్ర వేసికొనువేళ మించిపోవుచున్నదని జ్ఞప్తికి వచ్చి, అతడు గొడుగు సవరించుకొని గృహాభిముఖుడాయెను.

ఇట్టివాని రాకను మన పశువులసంతల దళారులు ఏనాడో ఊహించియుందురు. అచ్చట ఎద్దులబేరము నోటితో సాగదు. దళారులిరువురు చేతులపై తువ్వాలు కప్పుకొని, దాని మాటున ఒకరి వ్రేళ్లనొకరు పట్టుకొని, వేలు వందలు తెలుపుకొందురు. ముఖములలో ఏ వికారమును ఉండదు. ప్రక్కనున్నవానికి బేరము కుదిరినదియు చెడినదియు తెలియదు. బంధువులయూరికి పోయినప్పుడు మూల్యనిర్ణేతగారు అట్టి సంతలో తువ్వాలు క్రిందికి తొంగిచూడబోగా, దళారి చేయి తీయకయే, "ఏం బాబూ, ఎద్దు కావాలా, తువ్వాలు కావాలా?" అని అడిగెనట. ఆ యూరికి అతడు మరల పోలేదు.

ఇతరుల బేరమున నోరువిప్పుట సర్వదా దోషమని నా మతము కాదు. త్రాసు తప్పుగా తూగినను, పగిలినదానిని అతికించి మంచిదని అంటగట్టినను, నకిలీని అసలని నమ్మించినను ఊరకుండుట పాపము. అప్పుడు కూడ చెప్పవలసినది వస్తువు దోషము గాని మన తీర్పు కాదు. కొనువాడు తనంతట వచ్చి అడిగినచో, అతనిని ప్రక్కకు పిలిచి చెప్పుట మర్యాద. పొట్లముపై అచ్చువేసిన గరిష్ఠ చిల్లరధరను మించి అడుగువానిని నిలదీయుటకు చట్టమే అండగా నున్నది. చిత్రమేమనగా, బస్టాండులో నీళ్లసీసాకు ఆ ధరపై ఐదురూపాయలు హెచ్చు అడిగినప్పుడు మూల్యనిర్ణేతగారు మారుపలుకక చెల్లించి, మూత త్రిప్పుకొనుచు ఇవతలికి వచ్చుట నేను చూచితిని. దుకాణదారు బలిష్ఠుడు, కాలిబాట వర్తకుడు బక్కవాడు.

వెల హెచ్చని తోచినచో దానిని దించుటకు నిర్ధనులకు సయితము అందుబాటులోనున్న ఉపాయమొకటి కలదు: కొనక ముందునకు సాగిపోవుట. కొనువారు రానినాడు అమ్మువాడే మెట్టు దిగివచ్చును. కొనదలచినవారు తమ వెలను మర్యాదగా చెప్పవచ్చును. అతడు సరేయన్నచో సొమ్ము చెల్లించుటకు సిద్ధముగా నుండవలెను. తమ జేబులో చేయి పెట్టనొల్లనివారు పరుల బేరములో నోరు పెట్టకుందురుగాక యని పాఠకమహాశయులకు నా విన్నపము.