కాటా-2 లాగ్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “2025-07-14 02:17:09 హెచ్చరిక కాటా-2 బరువు=34280 స్థిరం=కాదు ప్రయత్నం=3”

ఈ వాక్యం ఏ కంపెనీ కంప్యూటర్లోనిదీ కాదు, వ్యాఖ్యానం కోసం కల్పించుకున్నది. దేశకాలాలు మాత్రం ఉన్నవే: 1969 నుంచి సిమెంటు తయారవుతున్న బసంత్‌నగర్, రాజీవ్ రహదారి మీద లారీల వరస, వానాకాలం, నైట్ షిఫ్టు. ఇక ప్రతిపదార్థం. హెచ్చరిక = పని ఆగలేదు గానీ అనుమానం తగిలిందని; కాటా-2 = రెండో వేబ్రిడ్జి; బరువు=34280 = బండితో కలిపి, కిలోల్లో; స్థిరం=కాదు = తెర మీద అంకె నిలవలేదని; ప్రయత్నం=3 = మూడోసారి తూచినా అదే వరస అని. అంకె ఎందుకు నిలవలేదో కవి, అంటే ఈ వాక్యాన్ని రాసిన ప్రోగ్రామ్, చెప్పడు. డ్రైవర్ ఇంజన్ ఆపకపోతే ఆ అదురు బరువును పసిగట్టే లోడ్‌సెల్లుకు తగులుతుంది. వెనక చక్రం ప్లాట్‌ఫారం అంచు మీద ఉండిపోవచ్చు. అంచు సందులో బొగ్గు బురద పేరుకుని ప్లాట్‌ఫారం ఆనుకుపోవచ్చు. మూడింటిలో ఏదో ఈ ఒక్క వాక్యం నుంచి తేల్చలేం. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరి మనవాడే, మెతుకుసీమ కొలిచాల వాడు. ఆయనైనా ఇక్కడ కలం కింద పెట్టేవాడు.

తేలాలంటే ఈ పద్యాన్ని విడిగా చదవకూడదు. వానాకాలం నైట్ షిఫ్టుల్లో ఏ కాటా ఎన్నిసార్లు కుదురుకోలేదు, ఎండాకాలం కన్నా ఎక్కువా అని మొత్తం కావ్యాన్ని, అంటే లాగ్ అంతటినీ, అడగాలి. అలా అడిగినప్పుడు అక్కరకొచ్చే పదాలు మూడే: సమయం, కాటా, స్థిరం. వాక్యం వంద బైట్లు, వాక్యాలు కోటి అనుకుందాం. వాక్యాలను వాక్యాలుగా దాచిన చోట వంద కోట్ల బైట్లూ తిరగేయాలి. ప్రతి పదాన్నీ దాని కాలమ్‌లో విడిగా దాచిన చోట సమయానికి నాలుగు బైట్లు, మిగతా రెంటికీ ఒక్కొక్కటి, వెరసి ఆరు కోట్ల బైట్లతో సరి. కుదించక ముందు లెక్క ఇది. ఒకే కాలమ్‌లో ‘కాటా-2’ వెంట ‘కాటా-2’ వేల సార్లు వస్తుంది కనుక అది కుదించుకుపోయే తీరు వేరు. 2005 నాటి సీ-స్టోర్ పరిశోధన మొదలు, యాండెక్స్‌లో వెబ్ రాకపోకల లెక్కల కోసం పుట్టి 2016లో ఓపెన్ సోర్స్ అయిన క్లిక్‌హౌస్ దాకా ఈ కాలమ్ డేటాబేసులన్నిటికీ ఆధారం ఈ కూడికే. పద్యాన్ని విడదీసి పదానికి పదం పేర్చే టీకాకారుడి పనిని యంత్రం చేస్తోందన్నమాట.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: “రాత్రి రెండింటికి గొడవైతే నాకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. ముక్కలు చేసి దాచి, మళ్లీ అతికించడం దేనికి?” మాటలో న్యాయం ఉంది. ఒక్క వరసను తెచ్చివ్వడంలో వాక్యాన్ని వాక్యంగా దాచే పోస్ట్‌గ్రెస్ వంటివే చురుకు. ఎక్కడో ఉన్న మాటను పట్టుకోవడంలో ఎలాస్టిక్‌సెర్చ్ నేర్పరి. ఒక్క కాటా ఉన్న యార్డుకైతే టెక్స్ట్ ఫైలూ గ్రెప్పూ చాలు, ఈ హంగామా దండగ. కానీ కాటా, సమయం ప్రకారం పేర్చి పెడితే క్లిక్‌హౌస్ మామూలుగా 8192 వరసల కట్టలు ఒకటో రెండో విప్పి ఆ వాక్యాన్ని చూపిస్తుంది. అర్ధరాత్రి గొడవకు ఆ ఆలస్యం ఒక లెక్క కాదు.

రెండో ఆక్షేపణ గట్టిది. ఇలాంటి డేటాబేసుకు వాక్యం వెంట వాక్యం పంపితే ఊపిరాడదు. వేలకు వేలు మూటగట్టి పంపాలి. మూట మెమొరీలో ఉండగా కరెంటు పోతే పోయేవి చివరి వాక్యాలు, అంటే మనకు ముఖ్యంగా కావలసినవి. అందుకే అప్లికేషన్ ముందు డిస్కు మీద ఫైలులో రాయాలి. లాగ్‌లను చేరవేసే వెక్టరో ఫ్లుయెంట్ బిట్టో ఆ ఫైలును చదివి మూటలు పంపాలి. కరెంటు వచ్చాక అది ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. ఒకే మూట రెండుసార్లు చేరే ప్రమాదం అప్పటికీ మిగులుతుంది గానీ, పోవడం కన్నా రెండుసార్లు రావడం నయం.

అసలు సిద్ధాంతం వేరే చోట ఉంది. చాలామంది “రెండో కాటా మీద బండి మూడోసారీ కుదురుకోలేదు” అని ప్రోగ్రామ్ చేత వచనం రాయిస్తారు. దాన్ని తెచ్చి ఒకే కాలమ్‌లో కుక్కి, కాలమ్ డేటాబేసు వాడుతున్నామంటారు. తర్వాత రెజెక్స్ పట్టుకుని దాంట్లో అంకెలు వెతుకుతారు. ఎవరో ఆ వచనంలో ‘బండి’ని ‘టిప్పర్’గా దిద్దిన రోజు రెజెక్స్‌కు ఏమీ దొరకదు, లెక్కలో తప్పులు సున్నా అని చూపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. కాబట్టి టీక రాయవలసింది కవే. మన మూలంలో బరువు=, స్థిరం= అని ఉన్నది అందుకే: విడదీయడం వాక్యం పుట్టినప్పుడే జరిగిపోయింది. రేపు ఏ ప్రశ్న వస్తుందో ముందే ఎలా తెలుస్తుందంటారా? తెలియదు. అందుకని మూలవాక్యాన్ని కూడా పూర్తిగా ఒక కాలమ్‌లో ఉంచుకోవచ్చు. అడగని కాలమ్‌ను యంత్రం ముట్టదు, కాబట్టి దానికయ్యేది డిస్కు ఖర్చే.

చివరిగా ఒక విశేషం. ఏ కావ్యానికీ లేని సదుపాయం ఇక్కడ ఉంది, కాలమ్‌కో గడువు పెట్టవచ్చు. మూలవాక్యపు కాలమ్‌ను మూడు నెలలకు తుడిచేసినా, సమయం, కాటా, స్థిరం కాలమ్‌లను రెండేళ్లయినా ఉంచాలి. వేబ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటా పడుతుంది కనుక, అప్పుడే ఒక ముద్రకు ముందటి వానాకాలాన్నీ తర్వాతి వానాకాలాన్నీ పక్కపక్కన పెట్టి చూడగలం.